చేపకూ ఒక వంతు

మా ఊరు శాన్ తెల్మోకి నీరటి కావాలని హెనోవేవా బరేరాస్, మా అందరికీ వేవా, ఎన్నడూ అనుకోలేదు. కాలువ నీళ్ళు ఎవరి పొలానికి ఎప్పుడు వదలాలో చూసే ఆ పని ఆమె భర్త కాండెలారియోది. ఒక వసంతంలో అతను పెద్ద తూము తలుపు ఎత్తబోయి, గట్టు మీంచి జారి మోకాలు విరగ్గొట్టుకున్నాడు.

"కట్టు విప్పేదాకా నువ్వు చూసుకోవే" అన్నాడు.

కట్టు విప్పారు. మోకాలు అతుక్కుంది. తూముల తాళంచెవులు మాత్రం వేవా తిరిగివ్వలేదు, కాండెలారియో అడగనూ లేదు. తన వంతు కాని రోజున తూము ఎత్తుకున్నవాడితో తగాదా పడాలన్నా, నీళ్ళు ఆఖరున అందే కాలువ చివరి పొలాల వాళ్ళ ఏడుపు వినాలన్నా అతనికి ప్రాణం మీదికొస్తుంది. వేవాకి అవి లేకపోతే అన్నం సయించదు. పొట్టి మనిషి. తలమీద మొగుడి పాత గడ్డి టోపీ, ట్రక్కు వెనక రెండు పారలు. ఆమె గొంతు పెద్ద తూము దగ్గర లేస్తే చర్చి దగ్గర కుక్కలు మొరిగేవి. పొద్దున ఎవరిని తిట్టిందో సాయంత్రం వాళ్ళింటికే వేడివేడి రొట్టెలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళేది. తిట్లయినా రొట్టెలయినా వద్దనడానికి మా ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలదు.

ఆ రోజుల్లో ఊరంతటికీ ఒకటే శత్రువు, వెండిచేప. వేలెడంత ఉంటుంది. ఒకప్పుడు రియో గ్రాండే పొడుగునా ఉండేదట, ఇప్పుడు మా వైపున్న ఈ ముక్కలోనే మిగిలింది. అది పూర్తిగా మాయమైపోకుండా నదిలో నీళ్ళు ఉంచాలని కొందరు కోర్టుకెక్కారు. ఎండాకాలం వస్తే మా ఊరి దిగువన నది ఇసుకమేటగా మారుతుంది. ఉన్న కాసిని నీళ్ళూ చేపకి ఇమ్మంటే మిరపచేల సంగతేమిటి? వేవా మరిది ఒనోఫ్రె తన ట్రక్కులో, అద్దం ముందు ఒక సార్డీన్ చేపల డబ్బా పెట్టుకు తిరిగేవాడు.

"నేనూ చేపల్ని కాపాడుతున్నా. చూడండి, ఒక్కటి కూడా చెడిపోలేదు" అనేవాడు అడిగినవాళ్ళందరితో.

కోర్టుల్లో తేలక చివరికి అందర్నీ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టారు: రైతులు, నది పక్కన వందల ఏళ్ళుగా ఉంటున్న పూయెబ్లో ఆదివాసీ జనం, నగరం నీటి శాఖవాళ్ళు, ప్రభుత్వం వాళ్ళు, చేపల శాస్త్రవేత్తలు. శాన్ తెల్మో తరఫున ఎవరు వెళ్ళాలా అని ఊరంతా చర్చి హాలులో కూడింది.

"మా వదిన" అన్నాడు ఒనోఫ్రె లేచి. "మా చెవులు ఎప్పుడో తినేసింది. ఇక వాళ్ళవి తిననీండి."

హాలంతా నవ్వు. వేవా కూడా నవ్వింది. మొదటి సమావేశానికి బీన్స్ కుండ ఒళ్ళో పెట్టుకుని బయల్దేరింది. అందరికీ వడ్డించి, అందరూ తింటుండగా అందరినీ దులిపేసింది.

బల్లకి ఆ చివర మారిట్ అనే చేపల శాస్త్రవేత్త కూర్చుని ఉంది. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, ఎండకు ముక్కు కందిపోయిన పిల్ల, ఉత్తరాన మిన్నెసోటా నుంచి వచ్చింది. మా భాష పుస్తకాల్లో నేర్చుకుంది. వేవా దగ్గరికొచ్చి, "మిమ్ములను కలుసుకొనుట నాకు మిక్కిలి సంతోషము" అంది.

వేవా గరిటె పట్టుకుని అలాగే చూసింది. "ఏ బిషప్పు నేర్పాడమ్మా నీకీ మాటలు? సరేగాని, నీ చేప ఎప్పుడైనా ఓటేసిందా?"

"లేదండీ. అందుకే దాని బదులు నేను వచ్చితిని."

ఆ జవాబు వేవాకి నచ్చింది. నచ్చిందని ఒప్పుకోడానికి మాత్రం ఆ వేసవి గడవాల్సి వచ్చింది.

జూన్ చివర్లో నది ప్రవాహం తెగిపోయింది. ఇసుకలో అక్కడక్కడా మడుగులు మిగిలాయి. వాటిలో చిక్కుకున్న చేపల్ని వలతో పట్టి, నీళ్ళున్న చోటికి తీసుకెళ్ళి వదిలే పని మారిట్‌ది. "ఒకసారి వచ్చి చూడండి" అని పిలిస్తే, తిట్టడానికి కొత్త సంగతులు దొరుకుతాయన్న ఆశతోనే వెళ్ళింది వేవా. వల రెండో కొస పట్టుకుని మడుగులో దిగింది. బురద ఆమె బూటు ఒకటి మింగేసింది. నీళ్ళు వేణ్ణీళ్ళలా ఉన్నాయి. వల పైకి లేపితే చిన్న చిన్న వెండి బద్దలు మిలమిలమని కొట్టుకుంటున్నాయి. మడుగు అంచున అప్పటికే ఎండిపోయినవి ఆకుల్లా పడున్నాయి.

 నీళ్ళు అందక చివరి చేను వాడిపోతుంటే, ఆ రైతు టోపీ చేత్తో పట్టుకుని తన ముందు నిలబడ్డట్టే అనిపించింది వేవాకి. ఇవీ చివరి పొలాల వాళ్ళలాంటివే అనుకుంది. ఒంటి బూటుతో ఇంటికొచ్చి కాండెలారియోతో, "ఆ దిక్కుమాలిన చేప అందంగా ఉందయ్యా" అంది, ఎవరో తనని మోసం చేసినట్టు.

ఆ చలికాలం సమావేశానికి వేవా తనే ఒక మాట పట్టుకెళ్ళింది. జూలైలో మా ఊరు తన వంతులో ఒక తడి వదులుకుంటుంది, ఆ నీళ్ళు చేపకి ఇస్తాం అంది. మెచ్చుకుంటారని చూసింది. మారిట్ తల అడ్డంగా ఊపింది. ఈపాటికి ఆమెకి మా ఊరి మాట పట్టుబడింది.

"జూలైలో ఇస్తే పెద్దవి బతుకుతాయండీ, పిల్లలు పుట్టవు. కొండల మీద మంచు కరిగి మే నెలలో నది ఉరకలేసినప్పుడే అవి గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు నేలకి అంటుకోవు, నీళ్ళలో తేలుతూ పోతాయి. మీ తూములు తెరిచి ఉంటే మీ కాలువలోకి వచ్చేస్తాయి."

"వచ్చి?"

"మీ పొలాల్లో ఎండి చచ్చిపోతాయి."

వేవా నోరు తెరిచింది. "అంటే ఇన్నేళ్ళూ మా మిరపచేలకి నీ చేప గుడ్లు తినిపించామా!"

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి, మారిట్ కూడా నవ్వింది. కానీ విషయం నవ్వేది కాదు. మే నెలలో నది పొంగే ఆ కొద్ది రోజులూ తూములన్నీ మూసెయ్యాలి. దానికి బదులుగా నగరం వాళ్ళు ఎగువ జలాశయంలో నీళ్ళు పక్కన పెట్టి, జూలైలో కాలువకి వదులుతారు. కాగితం మీద బాగానే ఉంది. కళ్ళముందు నిండు నది పోతుంటే తూము మూసుకుని కూర్చోమని ఏ రైతుకి చెప్పగలరు?

చర్చి హాలులో ఒనోఫ్రె అదే అడిగాడు.

"నది నిండుగా పోతుంటే, నా మొక్కలు నాలుకలు చాపుతుంటే, నేను గట్టు మీద కూర్చుని పాట పాడాలా వదినా?"

"నువ్వు పాడకురా, ఉన్న చేపలు కూడా చస్తాయి."

"నవ్వులాట కాదు. జూలైలో నీళ్ళు రాకపోతే?"

"వస్తాయి."

"ఎవరు హామీ?"

వేవా తాళాల గుత్తి ఎత్తి చూపించింది. "నేను" అంది.

ఓట్లు లెక్కపెడితే బొటాబొటిగా నెగ్గింది. ఒనోఫ్రె వ్యతిరేకంగా చెయ్యెత్తి, లెక్క అయిపోయాక కూడా దించకుండా కూర్చున్నాడు.

సరిగ్గా శాన్ ఇసిద్రో పండగ వారంలోనే మంచునీళ్ళు వచ్చిపడ్డాయి, తూములన్నీ మూశారు. పండగనాడు రైతుల సెయింటైన ఆ ఇసిద్రో విగ్రహాన్ని భుజాల మీద మోసుకొచ్చి, కాలువ నీళ్ళకు దీవెన ఇప్పించడం తాతల నాటి నుంచీ ఉన్నదే. ఫిడేలు, గిటారు, పూలు, వెనకాల ఊరంతా. కాలువ దగ్గరికొచ్చి అందరూ ఆగిపోయారు. అడుగున తడి మట్టి తప్ప చుక్క లేదు. ఫిడేలు కూడా ఆగింది.

"బాగుంది. ఏడాదికోసారి బయటికొచ్చే ఆయనకి ఎండిన కాలువ చూపిస్తున్నాం" అన్నాడు ఒనోఫ్రె, విగ్రహం పల్లకీ ముందు కొమ్ము మోస్తూ.

అందరూ వేవా వైపు చూశారు. ఆమె ఇది ముందే తట్టనందుకు తనని తాను తిట్టుకుంది. అంతలో టోపీ సర్దుకుని, "నీళ్ళు ఇక్కడ లేకపోతే ఉన్నచోటికే తీసుకెళ్దాం. ఆయన కాళ్ళేమీ నొప్పెట్టవులే, మోసేది మీరేగా" అని ముందు నడిచింది.

కాటన్‌వుడ్ చెట్ల మధ్యనుంచి, చెట్ల దూది గాల్లో ఎగురుతుంటే, ఊరంతా నది ఒడ్డుకి వెళ్ళారు. నది ఎర్రగా, వెడల్పుగా, హోరుమంటూ పోతోంది. మోకాలి లోతు నీళ్ళలో మారిట్ సన్నటి వల పట్టుకుని నిలబడింది. వస్తున్న సెయింటుని, పూలని, ఫిడేలుని చూసి ఏం చెయ్యాలో తోచక వల ఎత్తి పట్టుకుంది. ముసలమ్మలు చుట్టూ మూగారు. వలలో సగ్గుబియ్యంలాంటి గుడ్లు. అద్దంలా ఉన్నాయి, ప్రతిదాని నడుమా ఒక చిన్న చుక్క.

"కదులుతోందే!" అంది ఒకావిడ.

"ఇవి నిన్న పెట్టినవి. రేపటికి పిల్లలవుతాయి" అంది మారిట్.

ఫాదరు నదికే దీవెన ఇచ్చాడు. వలకి కూడా ఇవ్వమని ముసలమ్మలు పట్టుబట్టారు. ఒనోఫ్రె వంగి వలలోకి చూశాడు, చాలాసేపే చూశాడు. మళ్ళీ వెళ్ళి పల్లకీ కొమ్ము ఎత్తుకున్నాడు.

జూలై వచ్చింది, నీళ్ళు రాలేదు. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. నగరానికి భయం పట్టి, జలాశయంలో పక్కన పెట్టినవి ఇప్పుడే వదలొద్దంది. ఒనోఫ్రె దిగువ చేలో మిరపమొక్కలు మధ్యాహ్నానికి తల వాల్చి, పొద్దున కూడా లేవడం మానేశాయి. అతను వేవా ఇంటి ముందు ట్రక్కు ఆపాడు. అరుస్తాడనుకుంది. అరిస్తే ఆమెకి తేలికయ్యేది.

"నీ చేప బాగుందా వదినా?" అన్నాడు మెల్లగా. జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ పూట వేవా కంచం ముట్టలేదు. కాండెలారియో ఎదురుగా కూర్చుని రొట్టె తుంపి ఒక ముక్క ఆమె ముందు పెట్టాడు.

"తాళాలు నాకిచ్చెయ్యకూడదూ? తిట్లు నేను తింటాను."

"నీకు తిట్టడమే రాదు, తినడమేం వస్తుంది?" అంది. కళ్ళు తుడుచుకుని ఆ ముక్క తింది.

మర్నాటి సమావేశానికి కుండ పట్టుకెళ్ళలేదు. ఎప్పుడూ ఆగని మనిషి ఆ రోజు రెండు ముక్కలే మాట్లాడింది. "నేను మా వాళ్ళకి మాటిచ్చాను. వాళ్ళు తూములు మూశారు." అని కూర్చుంది. నగరం వాళ్ళు బల్లకేసి చూశారు. వాళ్ళ భయమూ అబద్ధం కాదు.

అప్పుడు మారిట్ లేచింది. ఆ నెలలో నది కోసమని కేటాయించిన నీళ్ళు ముందుగా శాన్ తెల్మోకి వదలమంది. వానలు పడ్డాక, జలాశయంలో మాకోసం పక్కన పెట్టిన నీళ్ళు నదికి తిరిగిస్తే చాలంది. పక్కనున్న ఆమె పై అధికారి ఉలిక్కిపడ్డాడు.

"చేపల మాటేమిటి?"

"మడుగులు త్వరగా ఎండిపోతాయి. బకెట్లతో మోస్తాం, కొన్ని చచ్చిపోతాయి. కానీ ఈసారి మాట తప్పితే వచ్చే మే నెలలో ఒక్క ఊరూ తూము మూయదు. అప్పుడు అసలు పిల్లలే పుట్టవు." అంది మారిట్.

సాయంత్రందాకా వాదించుకుని ఒప్పుకున్నారు. కాలువలోకి నీళ్ళొచ్చాయి. చాలా చేలు తేరుకున్నాయి. ఒనోఫ్రె దిగువ చేను తేరుకోలేదు, దున్నేశాడు. ఆ వారమంతా వేవా, ఆమెతోపాటు ఊళ్ళో ఆడవాళ్ళు కొందరు మారిట్‌తో ఇసుకలో బకెట్లు మోశారు. ఈసారి వేవా బూట్లకి తాళ్ళు కట్టుకుంది.

శరదృతువులో ఊరంతా మిరపకాయలు కాల్చే వాసన కమ్ముకున్నప్పుడు చేపల్ని లెక్కించారు. గొప్పగా ఏం లేవు గానీ, అంతకుముందు ఏళ్ళకంటే పిల్లచేపలు బాగానే కనిపించాయి. మారిట్ ఆ కబురు చెప్పడానికి వచ్చి, వేవా వంటింట్లో రెండుసార్లు వడ్డించుకు తింది. ఒనోఫ్రె ఆదివారం భోజనాలకి రావడం మానలేదు, వదినతో మాట్లాడడం మానేశాడు. "అన్నయ్యా, ఆవిడని ఉప్పు ఇటివ్వమను" అనేవాడు. "నీ తమ్ముణ్ణి చెయ్యి చాపమను" అనేది వేవా. కాండెలారియో మధ్యలో కూర్చుని ఉప్పు అందించేవాడు.

వసంతంలో కాలువ పూడిక తీసిన రోజున మళ్ళీ ఓటు పెట్టారు. ఒనోఫ్రె మళ్ళీ వ్యతిరేకంగానే చెయ్యెత్తాడు. ఈసారి అతనితో చేతులెత్తినవాళ్ళు తక్కువ.

నది పొంగే కబురు రాగానే వేవా ఒక్కో తూమూ మూసుకుంటూ వచ్చింది. ఒనోఫ్రె తూము చివరికి అట్టేపెట్టుకుంది. ఏం అనాలో దారంతా కూడబలుక్కుంది. వెళ్ళేసరికి తలుపు దింపి ఉంది, గొలుసు వేసుంది, సందుల్లో మట్టి కూడా మెత్తి ఉంది. గట్టు మీద ఒనోఫ్రె బీన్స్ చుట్టిన రొట్టె తింటున్నాడు.

"నువ్వు దీనికి ఓటు వెయ్యలేదుగా" అంది వేవా.

ఇన్ని నెలల తర్వాత అతను ఆమె మొహంలోకి చూసి మాట్లాడాడు. "దీనికి ఓటు వెయ్యనన్నాను వదినా. తూము మూయనన్నానా?"

వేవా వంగి గొలుసు లాగి చూసింది, గట్టిగానే ఉంది. 

"జూలైలో గనక నీళ్ళు రాకపోతే నిన్నే కాలువలో పారిస్తాను" అన్నాడు ఒనోఫ్రె, పక్కకి జరుగుతూ.

ఆమె అక్కడే కూలబడి, అతని చేతిలో రొట్టె సగం తుంపుకుంది. "ఉప్పు తక్కువైంది" అంది నములుతూ.