తేనెపిట్టకి బెల్లం పానకం

ఆ రోజుల్లో డిపెండెంట్ వీసా మీద అమెరికా వచ్చిన నాబోటి పెళ్ళాలకి ప్రభుత్వంవారు దయతో అనుమతించిన పనులు రెండే: వంట చేసుకోవడం, కిటికీలోంచి చూడడం. రెండూ శ్రద్ధగానే చేశాను. గుంటూరులో మూడేళ్ళు ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పి, కళ్ళు మూసుకుని బోర్డు మీద కప్ప బొమ్మ వేయగలిగిన మనిషిని, సియాటిల్ శివార్లలో ఒక కొండవాలు మీది ఇంట్లో కూర్చుని, ఎవరింటి చెత్తడబ్బా ఏ రోజు బయటికొస్తుందో కంఠతా పట్టాను. అక్కడ చలికాలమంటే నెలల తరబడి ముసురు, సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఏడుపొస్తే కారణం వెతుక్కోనక్కర్లేదు. "ఊరికే డిప్రెస్ అవకు, అలా వాక్‌కి వెళ్ళిరా" అనేవారు మా ఆయన, వానలో.

అలాంటి ఒక డిసెంబర్‌లో పక్కింటి పెద్దావిడ నాకొక ఉద్యోగం ఇచ్చింది. ఆవిడకి నేను పెట్టుకున్న పేరు గళ్ళచొక్కా మామ్మ (ఏడాదిలో ఒక్కనాడూ ఇంకో రకం చొక్కాలో చూడలేదు). మా రెండు పెరళ్ళకీ మధ్యనున్న చెట్టు మీద ఒక హమ్మింగ్‌బర్డ్ ఉండేది. బొటనవేలంత పిట్ట, గొంతు కింద గులాబీ మెరుపు. చలికి వెచ్చని దేశాలకి ఎగిరిపోకుండా ఇక్కడే ఉండిపోయే మొండిరకం. మామ్మ కూతురింటికి వెళ్తూ దాని తిండి పెట్టే ఎర్ర ప్లాస్టిక్ సీసా నా చేతిలో పెట్టింది. "నాలుగు కప్పుల నీళ్ళకి ఒక కప్పు తెల్ల పంచదార. ఇంకేమీ కలపకు. గడ్డకడితే మార్చు. తెల్లారేసరికి ఇది బయట ఉండాలి, లేకపోతే వాడు బతకడు" అంది. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది. ఈ దేశంలో నన్ను నమ్మి ఒకరు అప్పగించిన మొదటి పని అది. అలారం పెట్టుకుని మరీ లేచేదాన్ని.

మూడో రోజు మొదలైన మంచు ఆగితే ఒట్టు. మా వాలు మీద కార్లు కదల్లేదు. మా ఆయన లాప్‌టాప్ పట్టుకుని పైగదిలో మీటింగుల్లో మునిగిపోయారు. ఆర్నెల్లకని వచ్చిన మా అత్తగారు చలికి గంటకో టీ తాగారు, తోడుగా నేనూ తాగాను, పంచదార డబ్బా అడుగంటింది.

"తెల్లదే కావాలా ఏం? బెల్లం కంటే బలమైంది ఉందా? పాపం, తేనెపిట్ట, ఇంత చలిలో ఉంది. నాలుగు మిరియాలు, చిటికెడు శొంఠి కూడా వెయ్యి, వెచ్చగా ఉంటుంది" అన్నారు అత్తగారు.

"ఇంకేమీ కలపొద్దని చెప్పిందండీ ఆవిడ."

"బెల్లం సంగతి తెలిస్తే అలా అంటుందా ఆవిడ?"

నా ఎమ్మెస్సీని అటకెక్కించాను. పానకం కాచి, వడగట్టి (అంతవరకు జ్ఞానం ఉంది) సీసాలో పోశాను. పిట్ట వచ్చి, ఒక్క గుక్క పీల్చి, నా వంక ఓసారి చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారి చూద్దును కదా, పిట్ట సీసా అంచు పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది. కళ్ళు మూసుకుని ఉంది. తాకితే మంచుగడ్డ. కదలదు, మెదలదు. "అత్తయ్యగారూ, చంపేశామండీ!" అని అరిచాను.

అత్తగారు దాన్ని చూసి కుర్చీలో కూలబడ్డారు. "నేను కాదుటే చెప్పింది! నా నోరు పడిపోను! దేశంకాని దేశంలో ఆవిడెవరో నమ్మి అప్పగిస్తే..." అంటూ ఏడ్చేశారు. నా ముందు ఆవిడ ఏడవడం అదే మొదటిసారి. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, ఎవరికో పెట్టడానికి దాచిన కొత్త జాకెట్టు గుడ్డ తీసి, బూట్ల అట్టపెట్టెలో పరిచి, పిట్టని పడుకోబెట్టి, తలస్నానానికి వెళ్ళారు. నేను ఆ పెట్టెని వంటగట్టు మీద, అన్నం ఉడుకుతున్న కుక్కర్ పక్కన పెట్టుకుని, మామ్మకి ఉత్తరం రాయబోయాను. "డియర్ మేడమ్, ఐ యామ్ వెరీ సారీ" దగ్గర ఆగిపోయింది. పాఠాలు చెప్పే ఉద్యోగం ఎలాగూ పోయింది, పిట్టకి నీళ్ళు పెట్టే ఉద్యోగం కూడా నిలబెట్టుకోలేకపోయాను. ఇక నేను దేనికీ పనికిరానని ఆ పూట నిజంగానే నమ్మాను.

ఓ అరగంటకి పెట్టెలో ఏదో వణికింది. నేను తలెత్తేలోపే బుర్రుమని లేచి, నేరుగా దేవుడి అలమర దగ్గరికి పోయి, పటానికి వేసిన ఎర్ర ప్లాస్టిక్ మందారాల్లో ఒక్కోదాంట్లో ముక్కు పెట్టి వెతకడం మొదలెట్టింది! తలకి తువ్వాలు చుట్టుకుని వచ్చిన అత్తగారు రెండు చేతులూ జోడించేసి, "అమ్మాయ్, అవి ఉత్తుత్తి పువ్వులని చెప్పవే దానికి!" అన్నారు. "మ్యూట్‌లో లేను, మెల్లగా!" అని పైనుంచి మా ఆయన అరిచారు. తలుపు తీశాం. పిట్ట మంచులోకి పోయింది.

మా ఆయన బూట్లు వేసుకుని, జారుతూ పడుతూ గంటన్నర నడిచి పంచదార తెచ్చాను. రోజూ చీకటితోనే లేచి సీసా కట్టాను. మామ్మ తిరిగొచ్చేదాకా కిటికీ దగ్గరే ఉన్నాను. పిట్ట రాలేదు.

మామ్మకి అంతా చెప్పి ఏడ్చాను. తలకిందులుగా వేలాడిన సంగతి వినగానే పకపకా నవ్వింది. "చలి రాత్రుల్లో అవి ఒళ్ళు చల్లబరుచుకుని అలాగే పడుంటాయి. నీకెవరూ చెప్పలేదా?" అంది. ఒకరు చెప్పాలా! సుప్తావస్థ. మూడేళ్ళు నేనే బోర్డు మీద రాసి చెప్పాను, పరీక్షలో రాయనివాళ్ళకి మార్కులు కోశాను కూడా. బెల్లం సంగతికి మాత్రం మామ్మ నవ్వలేదు. "అది వాటికి పడదు" అని నా భుజం తట్టింది. ఫిబ్రవరిలో ఒక పిట్ట వచ్చి సీసా మీద వాలితే, "చూడు, వాడే!" అని కేకేసింది. వాడో కాదో నాకు తెలియదు. అడిగే ధైర్యమూ లేకపోయింది.

ఇప్పుడు మా పెరట్లోనూ ఒక ఎర్ర సీసా ఉంది, దానికని విడిగా తెల్ల పంచదార డబ్బా ఉంది. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగమూ ఉంది (పర్మిట్ చేతికొచ్చేసరికి ఏళ్ళు గడిచాయనుకోండి). క్లాసులో సుప్తావస్థ పాఠం వచ్చినప్పుడల్లా, అట్టపెట్టె ముందు "వెరీ సారీ" దగ్గర పెన్ను ఆగిపోయిన ఆ అమ్మాయి గుర్తొస్తుంది. నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వెళ్ళి పక్కన కూర్చుని చెప్పాలనిపిస్తుంది: పిచ్చిదానా, చావలేదే, చల్లబడిందంతే. కాసేపు వెచ్చగా ఉంచి చూడు.