దానియేలు గారు రాసిన అంకెలు

చీరాల వెళ్ళడం నాకది రెండోసారి. మొదటిసారి మధ్యాహ్నం ఒంటిగంటకు వెళ్ళి, సబ్‌స్టేషన్‌లో పింగాణీ ఇన్సులేటర్ల మీదుగా నేలలోకి పారే లీకేజీ కరెంటు కొలిచాను. దాదాపు ఏమీ లేదు. అదే రాసిచ్చాను. తెల్లవారితే మీటరు నలభై మిల్లీ ఆంపియర్లు దాటుతోందని రోజూ రిజిస్టరులో రాస్తున్న ఆపరేటరు దానియేలు గారికి, నా కాగితం చూపించి, తప్పుడు అంకెలు వేశారంటూ మెమో ఇచ్చారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది.

సాయంత్రం నాలుగింటికి గుంటూరులో బస్సెక్కాను. తెనాలిలో ఐదున్నరకు చీరాల ప్యాసింజరు దొరికింది. ఒళ్ళో కొత్త మీటరు పెట్టె. వేటపాలెం జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకావిడ పక్కన కూర్చుంది.

"కరెంటాఫీసామ్మా మీది?" అంది. అవునన్నాను.

"మాదంతా ఉప్పుగాలి. కొత్త గేటు నాలుగేళ్ళకే తుప్పుపట్టి చేతికొచ్చింది."

ఏడున్నరకు చీరాలలో దిగి, స్టేషను ఎదుటి లాడ్జిలో పడుకున్నాను. తెల్లవారుజామున ఐదింటికి సబ్‌స్టేషన్‌కి ఆటో. మంచుకి దారి సరిగ్గా కనబడలేదు.

దానియేలు గారు యాభై దాటిన మనిషి. కుర్చీ జరిపి, "ఈసారీ మధ్యాహ్నమే వస్తారనుకున్నానండి," అన్నారు. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది.

పాత మీటరుతో పాటు కొత్తదీ తగిలించాను. ఐదున్నరకు ఎనిమిది. ఆరింటికి ఇరవై ఆరు. పైన ఇన్సులేటర్ల దగ్గర సన్నగా చిటపటలు మొదలయ్యాయి. ఆరుంపావుకు రెండు మీటర్లూ నలభై మూడు చూపించాయి. పేరుకున్న ఉప్పూ దుమ్మూ ఎండలో పొడిగా ఉండి ఊరుకుంటున్నాయి. మంచుకి తడవగానే కరెంటుకి దారి ఇస్తున్నాయి. ఇలాగే వదిలేస్తే ఏదో ఒక పొద్దున ఇన్సులేటరు మీద మంట లేచి లైను పోయేది.

"పొరపాటు నాదేనండి. ఎండలో వచ్చి చూశాను," అన్నాను.

ఆయన రిజిస్టరు నా వైపు తోశారు. "అదేదో ఇందులో రాయండి మేడం. నోటిమాట ఎవరికీ కనపడదు."

రాసి సంతకం చేసి, ఆ పేజీ ఫొటో ఆఫీసుకు పంపాను.

పదింటికి లైను ఆపించి ఇన్సులేటర్లు కడిగించాం. నల్లటి నీళ్ళు కారాయి. మర్నాడు అదే వేళకు, అంతే మంచులో, మీటరు మూడు దాటలేదు. ఇద్దరం చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాం.

తిరుగు రైలు తొమ్మిదిన్నరకు. దానియేలు గారు సైకిలు మీద స్టేషనుదాకా వచ్చారు. "మెమో వెనక్కి తీసుకున్నామని ఇందాకే ఫోనొచ్చిందండి. మా ఆవిడకి ఫోన్లో చెప్పలేదు, ఎదురుగా చెప్దామని," అన్నారు. రైలు కదిలేదాకా ఆగలేదు.

సముద్రం పక్కకు ఈ పని మీద వెళ్ళేవాళ్ళు పొద్దు పొడవకముందే అక్కడ ఉండండి. రాత్రంతా కాపలా ఉన్న మనిషి మాట ముందు వినండి.

ఆయన ఇల్లు చేరి ఉంటారనుకున్న వేళకు రైలు బాపట్లలో ఆగింది. నాకప్పుడు ఆకలి తెలిసింది.