పని, పాణి

ఒడియాలో పాణి అంటే నీళ్లు. తెలుగులో పని అంటే పనే. రెంటికీ తేడా ఒక దీర్ఘం, ఒక ణకారం. ఒడిశాలోని బరంపురంలో పుట్టిన మా తెలుగువాళ్లకి ఆ తేడా ఉగ్గుపాలతోనే వచ్చేస్తుంది. భువనేశ్వరం నుంచి వచ్చిన సర్వే పిల్లలకి రాలేదు. అందుకు వాళ్లని తిట్టడం న్యాయం కాదు. నేను తిట్టాననుకోండి, అది వేరే సంగతి.

సముద్రం ఒడ్డు ఊళ్లకి ముందుగా ఏం చేయాలో సలహా ఇమ్మని ప్రభుత్వం అడిగింది. సైన్సు వాళ్ల అకాడమీ, వైద్యుల అకాడమీ, ఆర్థికశాస్త్రం చెప్పుకునే నాలాంటి వాళ్ల అకాడమీ కలిసి ఒకే కమిటీ వేశాయి. మూడు అకాడమీలు ఒక మాట మీదికి రావడమంటే మూడు కుటుంబాలు ఒకే ముహూర్తానికి ఒప్పుకోవడమే. ఆధారం చూపించలేని వాక్యం ఎవరు రాసినా కొట్టేయాలి. ఒకరు రాసింది మిగతా ఇద్దరూ చదివి తప్పులు వెతకాలి. ఇంత తగవుకీ మాకు దక్కేది టీ మాత్రమే.

కమిటీ పెద్ద ఒక ఒడియా ప్రొఫెసరు గారు. ఈ తీరంలో బావుల్లోకి ఉప్పు ఎలా చేరుతోందో జీవితమంతా చదివారు, ఎవరూ పట్టించుకోలేదు. నన్ను ‘ఝియ’ అని పిలిచేవారు, అంటే కూతురని. నాకాయనంటే ప్రాణం.

బరంపురం దగ్గర తెలుగు జాలరులుండే చమఖండిలో నీళ్లు లేవనే ఎక్కువమంది చెప్పారని మేం చేయించిన సర్వే తేల్చింది. ఆయన మొహం వెలిగిపోయింది. “చూశావా ఝియ, నేను చెబితే వినలేదు. ఇప్పుడు ఊరే చెబుతోంది” అన్నారు. మా నివేదికలో మంచినీళ్ల గురించే మొదటి వాక్యం రాశారు.

ఆ వాక్యం సరిచూసే వంతు నాది. రికార్డు చేసిన మాటలు తెప్పించుకుని విన్నాను. కష్టమేమిటని పిల్లలు ఒడియాలో అడుగుతున్నారు. చేపలమ్మే ఒక ముసలమ్మ, “పని నాహిఁ బాబూ, పని నాహిఁ” అంటోంది. అడిగేది ఒడియా వాళ్లు కదా అని, మర్యాదకి, తన తెలుగు మాటకి ‘లేదు’ అనే వాళ్ల ‘నాహిఁ’ని తగిలించింది. వాళ్లకది ‘నీళ్లు లేవు’ అని వినిపించింది. తక్కిన ఆడవాళ్లూ అదే మర్యాద చేశారు.

చెప్పక తప్పదు. ఆయన మొహం తలుచుకుంటే నోరు రాలేదు. చివరికి రికార్డు వినిపించి, ఆ మాటకి అర్థం చెప్పాను. ఆయన రికార్డు మళ్లీ ఒకసారి పెట్టించుకుని విన్నారు. “నేనే వెళ్లి అడుగుతాను, పద” అన్నారు.

దారి పొడుగునా నా దగ్గర తెలుగు నేర్చుకున్నారు. ముసలమ్మ ముందు నిలబడి, పాఠం అప్పజెప్పినట్టు అడిగారు. “అమ్మా, నీళ్లు లేదా? పని లేదా?”

ఆవిడకి నవ్వొచ్చింది. “రెండూ నేవు బాబూ. బావి నీల్లు ఉప్పే. అయినా నీల్లు నేవని నా కొడుకు సూరత్ ఎల్లలేదు గదా. తాబేల్లు గుడ్లెట్టే నెలల్లో గవర్మెంటోల్లు పడవ దింపనీరు. ఇక్కడుండి ఆడేటి తింటాడు?”

తిరుగుదారిలో ఆయన అన్నారు. “మొదటి వాక్యం పని గురించి రాయి ఝియ. నీళ్లు రెండోది.” ఆయన పాదాలకి దండం పెట్టాలనిపించింది. కారులో కుదరదు కాబట్టి కిటికీలోంచి చూస్తూ కళ్లు తుడుచుకున్నాను.

వైద్యులు ఊరికే ఒప్పుకోలేదు. ఒక్క ముసలమ్మ మాట ఆధారమా అన్నారు. అదీ న్యాయమే. తెలుగొచ్చిన మా విద్యార్థుల్ని పంపి ఇంటింటా మళ్లీ అడిగిస్తే, ఎక్కువ ఇళ్లు పని లేదనే చెప్పాయి. అప్పుడు మూడు అకాడమీలూ సంతకం పెట్టాయి. మా నివేదిక చాలాకాలం నానిన తరవాత, పడవలు ఆపే నెలల్లో ఒడ్డునే పని చూపిస్తామని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. ఆ వారమే పనులు మొదలయ్యాయి.

ఆ కబురు చెప్పడానికి చమఖండి వెళ్లాను. ముసలమ్మ అంతా విని, కొంగుతో చేతులు తుడుచుకుని, కొడుక్కి ఫోన్ కలపమంది. కలిపి ఇచ్చాను. సూరత్‌లో అతను ఎత్తగానే ఆవిడ ఫోన్ మళ్లీ నా చేతిలో పెట్టేసింది.

“నువ్వే సెప్పమ్మా. నేను రోజూ రమ్మనే సెప్తాను. పని ఉందంటే తల్లి బెంగ అనుకుంటాడు, నమ్మడు.”

ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాను. “పని ఉంది నాయనా, పని” అన్నాను.