మాట లేకుండా చెప్పిన లెక్కలు

ఆ రోజు గురువారం, మూడో పీరియడ్. తొమ్మిదో తరగతి పిల్లలకి బోర్డు మీద సమీకరణం రాసి, "ఇటు వైపున్న అయిదుని అటు తీసుకెళ్తే ఏమవుతుంది?" అని అడగబోయాను. "ఇటు వైపు" వరకు వచ్చింది. మిగతాదంతా గాలే. నోరు ఆడుతోంది కానీ శబ్దం లేదు. పిల్లలు కిసుక్కున నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. గొంతు సవరించుకుని మళ్ళీ మొదలుపెడితే ఎవరో మగమనిషి మాట్లాడినట్టు వచ్చింది. ఇంకా నవ్వారు.

నాది మామూలు గొంతు కాదండీ. నేను పుట్టిపెరిగింది కోడూరులో. చర్చిలో కరెంటు పోయి మైకు ఆగిపోయిన ఆదివారాల్లో పాస్టరుగారు నన్నే ముందుకు పిలిచి పాట ఎత్తుకోమనేవారు. పెళ్ళై గుడివాడ వచ్చాక మా ఆయన రాజు, "నువ్వు వంటింట్లో మాట్లాడితే వీధి చివర మనం ఏం కూర వండుకున్నామో తెలిసిపోతోంది" అని ఏడిపించేవాడు. అలాంటి గొంతు రెండు మాటలకే ఆగిపోతే జలుబు అనుకున్నానే గానీ జబ్బు అనుకోలేదు.

నేను చేసేది గెస్ట్ టీచర్ ఉద్యోగం. ముదినేపల్లి వైపు ఒక హైస్కూల్లో లెక్కల పోస్టు ఖాళీ ఉంటే, రెగ్యులర్ టీచరు వచ్చేదాకా నన్ను పెట్టుకున్నారు. ఆ "వచ్చేదాకా" నాలుగేళ్ళు అయింది. చెప్పిన పీరియడ్లకే జీతం. పండగ సెలవులకి జీతం లేదు, ఒంట్లో బాగోకపోతే సిక్ లీవ్ లేదు. ఏటా కొత్తగా దరఖాస్తు పెట్టుకుని, మచిలీపట్నం వెళ్ళి కమిటీ ముందు డెమో క్లాసు చెప్పి, మళ్ళీ మొదటిసారి చేరినట్టే చేరాలి. రెగ్యులర్ వాళ్ళు ఎవరు సెలవు పెట్టినా హెడ్మాస్టరుగారు నా వైపే చూస్తారు. "సుజాత గారూ, ఈ సెక్షన్ని కూడా మీ క్లాసులో కలిపేసుకోండి" అంటారు. రెండు సెక్షన్లు కలిస్తే గదిలో పట్టరు కాబట్టి వరండాలో కూర్చోబెట్టి, అటు చివర పిల్లకి కూడా వినపడేలా అరవాలి. నేను అరిచేదాన్ని. నా గొంతు మీద నాకు అంత పొగరు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, సిగ్గుపడితే ఈ రాత దండగ. స్టాఫ్ టాయిలెట్ స్కూలు వెనక, ఓ మూల ఉంటుంది. తాళం ఆఫీసు గదిలో ఉంటుంది. తాళం అడిగి, వెళ్ళి, తిరిగొచ్చేసరికి తర్వాతి పీరియడ్ సగం అయిపోతుంది. అందుకని పొద్దున బస్సెక్కింది మొదలు సాయంత్రం ఇంటికొచ్చేదాకా మంచినీళ్ళు ముట్టుకునేదాన్ని కాదు. అదొక తెలివి అనుకునేదాన్ని.

మూడు వారాలు గడిచినా గొంతు బాగుపడలేదు. మా అత్తయ్య కరక్కాయ ముక్క బుగ్గన పెట్టించింది, మిరియాల పాలు తాగించింది. చర్చిలో ఒక్కొక్కరు ఒక్కో వైద్యం చెప్పారు, అన్నీ చేశాను. క్లాసులో మాత్రం నా సొంత తెలివి వాడాను. గొంతుకి విశ్రాంతి ఇద్దామని గుసగుసగా పాఠం చెప్పడం మొదలుపెట్టాను. డస్టరుతో బల్ల మీద కొట్టి నిశ్శబ్దం చేయించి, గుసగుసగా లెక్క చెప్పేదాన్ని. నెల రోజులు అలాగే నడిపాను. సాయంత్రానికి మెడ నరాలు తాళ్ళలా బిగుసుకుపోయేవి.

ఇక రాజు ఊరుకోలేదు. చేపల చెరువులకి మేత తోలే వ్యాను డ్యూటీకి ఒకరోజు సెలవు పెట్టి మచిలీపట్నంలో ఈఎన్‌టీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ముక్కులోంచి సన్నటి స్కోప్ దించి, "ఈ... అని లాగండి" అన్నారు. టీవీ తెర మీద నా గొంతు లోపల కనిపించింది. రెండు తెల్లటి పట్టీలు, వాటిలో ఒకదాని అంచున సగ్గుబియ్యం గింజంత బుడిపె.

"వోకల్ కార్డ్ పాలిప్ అండీ. ఏం చేస్తుంటారు?"

"టీచర్ని" అన్నాను, అలవాటుగా గుసగుసలో.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "ముందు ఆ గుసగుస ఆపండి. మామూలుగా మాట్లాడిన దానికన్నా అదే ఎక్కువ స్ట్రెయిన్. రోజుకి నీళ్ళు ఎంత తాగుతారు?"

సాయంత్రం దాకా చుక్క ముట్టనని సైగ చేశాను. రాజు ఆశ్చర్యంగా నా మొహం చూశాడు. తాళం సంగతి అప్పటిదాకా అతనికీ చెప్పలేదు.

మైక్రోలారింజియల్ సర్జరీ చేసి తీసేయాలన్నారు. "బినైన్ లాగే ఉంది, అంటే ప్రమాదం లేనిదే. అయినా క్యాన్సర్ కాదని తేల్చుకోడానికి బయాప్సీకి పంపుతాం" అన్నారు. తర్వాత వారం రోజులు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, ఆ పైన నెల రోజులు రోజుకి కొద్ది నిమిషాలతో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి.

మర్నాడు హెడ్మాస్టరుగారిని కలిశాను. ఆయన చెడ్డమనిషి కాదు. కుర్చీ వేయించి కూర్చోబెట్టి మరీ చెప్పారు. "గెస్ట్ వాళ్ళకి సిక్ లీవ్ అనేదే లేదమ్మా. వారం పైన రాకపోతే లిస్టులో తర్వాత వాళ్ళని పిలవాల్సి వస్తుంది. నా చేతుల్లో లేదు."

బస్సులో కూర్చుని ఆలోచించాను. దసరా సెలవులు వస్తున్నాయి, వాటికి ఎలాగూ జీతం లేదు. ఆపరేషన్ సెలవుల మొదటిరోజుకి పెట్టించుకున్నాను. మా గెస్ట్ వాళ్ళందరం అంతే. సైన్సు చెప్పే శాంతి పిత్తాశయంలో రాళ్ళు సంక్రాంతి సెలవుల్లో తీయించుకుంది. మా జబ్బులు కూడా క్యాలెండరు చూసుకునే రావాలి.

ఆపరేషన్ బాగా జరిగింది. కళ్ళు తెరిచేసరికి రాజు నా నోటి మీద చెయ్యి పెట్టి ఉన్నాడు, ఎక్కడ మాట్లాడేస్తానో అని. ఇంట్లో ఒక పలక కొన్నాం. నేను పలక మీద రాస్తే రాజు కూడా పలక తీసుకుని జవాబు రాసేవాడు. మా అత్తయ్యయితే నాకు మాట రాకపోతే చెవులు కూడా వినపడవనుకుని, "అన్నం పెట్టమంటావా?" అని చెవి దగ్గర అరిచేది. నవ్వు ఆపుకోలేక చచ్చేదాన్ని. నవ్వినా గొంతుకి మంచిది కాదట! వారం తర్వాత బయాప్సీ రిపోర్టు వచ్చింది. క్యాన్సర్ కాదు. ఆ రోజు పలక మీద "దేవునికి స్తోత్రం" అని రాసి, తుడవకుండా ఫ్రిజ్ మీద పెట్టాను.

తర్వాత చేసిన తప్పు పూర్తిగా నాదే. వారం సంగతి హెడ్మాస్టరుగారికి చెప్పాను గానీ, నెల సంగతి చెప్పలేదు. చెబితే పోస్టు పోతుందని భయం. బడి తెరిచిన రోజునే ఇద్దరు టీచర్లు రాలేదు. అయిదు పీరియడ్లు, అందులో రెండు వరండాలో. మధ్యాహ్నానికి గొంతులో ముల్లు దిగినట్టయింది. సాయంత్రం బస్సులో కండక్టరుకి గుడివాడ అని చెప్పబోతే శబ్దం రాలేదు. వేలితో బోర్డు చూపించి టికెట్ తీసుకున్నాను. అప్పుడు భయమేసింది, నిజమైన భయం.

డాక్టరమ్మ స్కోప్ తీసి, చేతులు తుడుచుకున్నారు. "స్వెల్లింగ్ వచ్చింది. రక్తం చిమ్మలేదు, మీ అదృష్టం. ఇంకోసారి ఇలా చేస్తే అక్కడ స్కార్ పడుతుంది. స్కార్ పడితే ఆ పాత గొంతుని నేనే కాదు, ఎవరూ తేలేరు. రెండు వారాలు పూర్తిగా వాయిస్ రెస్ట్. ఉద్యోగమా, గొంతా అని నన్నడక్కండి. గొంతు లేకపోతే ఆ ఉద్యోగం ఎలా చేస్తారు?"

లెటర్‌హెడ్ మీద రాసి ఇచ్చారు. ఆ కాగితం పట్టుకుని స్టాఫ్‌రూములో కూర్చున్నాను. తెలుగు చెప్పే సుబ్రహ్మణ్యం మాస్టారు వచ్చారు. వాళ్ళ తాతగారి కాలం నుంచీ పంతుళ్ళే. కాగితం చదివి ఆయన ముఖం మారిపోయింది.

"నాకూ ఇదేనమ్మా, పదేళ్ళ క్రితం. మూడు నెలలు మెడికల్ లీవు పెట్టి, ఇంట్లో కాలు మీద కాలేసుకుని పడుకున్నాను. జీతం బ్యాంకులో పడింది. అదే బడి, అదే సుద్దముక్క, అదే జబ్బు" అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూసి నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవనైనా ఏడవకూడదే! నోరు మూసుకుని కన్నీళ్ళు మాత్రం కార్చాను.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. కాగితం తీసుకుని గబగబా రాశాను: "నాకు సెలవు వద్దు. రోజూ వస్తాను. నోరు మాత్రం తెరవను. లెక్కలు చెప్తాను." మాస్టారు దాన్ని రెండుసార్లు చదివి, నన్ను వెంటబెట్టుకుని హెడ్మాస్టరుగారి గదికి తీసుకెళ్ళారు.

"మాట్లాడకుండా లెక్కలు ఎలా చెప్తారమ్మా?" అన్నారాయన.

"ఒక్క పీరియడ్ చూడండి" అని రాసి చూపించాను.

తొమ్మిదో తరగతిలోకి వెళ్ళాను. బోర్డు మీద "మేడం రెండు వారాలు మాట్లాడరు" అని రాస్తే, కెజియా అనే పిల్ల లేచి అందరికీ గట్టిగా చదివి వినిపించింది. తర్వాత ఒక సమీకరణం రాసి, సాధన మొదలుపెట్టి, మూడో వరసలో కావాలని గుర్తు తప్పు రాశాను. సుద్దముక్క పట్టుకుని వాళ్ళ వైపు తిరిగి నిలబడ్డాను. మామూలుగా అయితే ఆ నిశ్శబ్దంలోకి నేనే దూకేసి జవాబు చెప్పేసేదాన్ని. ఇప్పుడు దూకడానికి గొంతు లేదు.

ఒక నిమిషం గడిచింది. హెడ్మాస్టరుగారు గుమ్మం దగ్గర గడియారం చూసుకుంటున్నారు.

"మేడం, తప్పు" అని వినపడింది. ఆఖరి బెంచీ. లావణ్య! జూన్ నుంచి హాజరు పలకడం తప్ప నోరు విప్పని పిల్ల. సుద్దముక్క దాని వైపు చాపాను. వచ్చింది. గుర్తు మార్చి, ఎందుకు మార్చిందో చెప్పింది. ఇంకో పిల్ల కాదంది. కెజియా లేచి కాదన్న దాన్ని కాదంది. క్లాసంతా బోర్డు మీద పడింది. గుమ్మం దగ్గర నిలబడిన హెడ్మాస్టరుగారు కూడా ఉండబట్టలేక, "మైనస్ కదా?" అన్నారు. "కాదు సార్, ప్లస్!" అని నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. ఆయన చదివింది జీవశాస్త్రం లెండి.

నాకు ఆ రోజు గాల్లో తేలినట్టయింది. నాలుగేళ్ళుగా నేను అరుస్తుంటే ఈ పిల్లలకి ఇంత మాట ఉందని వినపడనే లేదు. బెల్లు కొట్టాక ఎగిరి గంతేయాలనిపించింది. కెజియా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేశాను.

రెండు వారాలూ అలాగే నడిచాయి. కలిపిన సెక్షన్లు మాస్టారు తీసుకున్నారు. టాయిలెట్ తాళం ఆఫీసులోంచి స్టాఫ్‌రూములో మేకుకి వచ్చింది. అదీ మాస్టారి చలవే. తర్వాత మూడు నెలలు స్పీచ్ థెరపీ. గ్లాసు నీళ్ళలో స్ట్రా పెట్టి, "ఊ" అంటూ బుడగలు ఊదడం. మధ్యలో ఒకసారి జలుబు చేసి మళ్ళీ వారం వెనక్కి పోయాను. అయినా వచ్చింది. పాతది కాదు, కొంచెం లోతుగా, బరువుగా ఉంది. రాజు ఇదే బాగుందంటాడు, వీధి చివరికి వినపడదు కదా!

ఈ జూన్‌లో మచిలీపట్నంలో డెమో. ముందురోజు నుంచీ ఒకటే గుబులు. మధ్యలో ఆగిపోతే, నాలుగేళ్ళ పనంతా అక్కడితో సరి. సీసాడు నీళ్ళు తాగి లోపలికెళ్ళాను. నడుముకి చిన్న మైకు పెట్టె కట్టుకున్నాను, డాక్టరమ్మ చెప్పినట్టు. పదిహేను నిమిషాలు చెప్పాను. ఒక్క మాట కూడా చీలలేదు! కమిటీలో ఒక మేడం నవ్వి, "బాగుందమ్మా. ఇంకేమైనా చెప్పాలా?" అని అడిగారు. అందరూ "థాంక్యూ మేడం" అని వచ్చేసే చోటు అది.

"ఒకటుందండీ" అన్నాను. "మేమూ మనుషులమే, మాకూ జబ్బులు వస్తాయి. ఏడాదికి పది రోజులు, జబ్బు చేస్తే పోస్టు పోని సెలవు కావాలి." శాంతితో కలిసి పద్నాలుగు మంది గెస్ట్ టీచర్లం సంతకాలు పెట్టిన కాగితం బల్ల మీద పెట్టాను. గొంతు వణకలేదు.

ఆ మేడం కాగితం పూర్తిగా చదివారు. "ఇది ఇంతకుముందు ఎవరూ అడగలేదే" అన్నారు.

పోస్టు వచ్చింది. సెలవు ఉత్తర్వు ఇంకా రాలేదు. కానీ పోయిన నెల శాంతికి డెంగ్యూ వస్తే, మా హెడ్మాస్టరుగారు తొమ్మిది రోజులు ఆవిడ పోస్టులోకి ఎవర్నీ పిలవలేదు. ఆ పీరియడ్లు మేమందరం పంచుకున్నాం. జీతం రాలేదు, పోస్టు మాత్రం పోలేదు. అడుగుతూనే ఉంటాం.

ఇది చదివే టీచర్లకి, ముఖ్యంగా నాలాంటి గెస్ట్ వాళ్ళకి, ఒక్కటే చెప్తాను. గొంతు బొంగురుపోయి మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ దగ్గర స్కోప్ చేయించుకోండి. డాక్టరు ఎన్నాళ్ళు మాట్లాడొద్దన్నారో అన్ని రోజులూ ఆ కాగితం మీద రాయించుకుని, అదే రోజు తీసుకెళ్ళి హెడ్మాస్టరుగారి బల్ల మీద పెట్టండి. నేను చెప్పకుండా దాచిన ఆ నెల రోజులు నా గొంతుని దాదాపు తీసుకుపోయాయి.