మా కంప్యూటర్ ఒప్పుకోని మాటలు

మూతపడిన ఒక ప్రైవేటు బడి సామాను అమ్ముతుంటే మా ఆయన అందులోంచి ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఆయన గోదావరి అవతల బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. నేను దుమ్ముగూడెం వైపు ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం నర్సును. ఫోన్‌లో రిపోర్టులు కొట్టీ కొట్టీ నా కళ్లు పోతున్నాయని ఆయన జాలి. రెండు నెలలు ఆ కంప్యూటర్ బుద్ధిగానే పనిచేసింది.

ఒకసారి బాలింతలకు మీటింగ్ పెట్టాల్సి వచ్చింది. పాలిచ్చేటప్పుడు బిడ్డను సరిగా పట్టుకోకపోతే పాలు గడ్డకట్టి జ్వరం వస్తుందని చెప్పాలి. మా ఊళ్లో చాలామంది ఇంట్లో మాట్లాడేది కోయ భాష. నా ఉపన్యాసం కంటే నాలుగు బొమ్మలు నయం. వాటి కోసం కంప్యూటర్‌లో తల్లిపాల గురించి వెతికాను. తెర తెల్లబడి, మధ్యలో ఒక డాలు బొమ్మ, దాని కింద ఒక వాక్యం వచ్చాయి. ఈ మాటను వెతకడానికి మా సంస్థ ఒప్పుకోదట.

మా ఇంట్లో ఉండేదే ఇద్దరం. అందులో సంస్థ ఎవరో నాకు అర్థం కాలేదు.

రొమ్ము అని తెలుగులో కొట్టాను. ఒప్పుకోలేదు. ఇంగ్లిష్‌లో కొట్టినా అదే డాలు. చివరికి ఉత్త పాలు అని కొడితే గేదెలు వచ్చాయి, వరసగా, మంచి మంచి గేదెలు. అదే వైఫై మీద నా ఫోన్‌లో వెతికితే అన్నీ వచ్చాయి. అంటే జబ్బు నెట్‌ది కాదు, కంప్యూటర్‌దే. ఫోన్‌లోనే చూసుకుని ఊరుకోవచ్చు. కానీ మా కరెంటు తింటూ మా ఇంట్లో కూర్చున్న వస్తువు నాకు మర్యాద నేర్పడం నచ్చలేదు. బ్రౌజర్‌ను తీసేసి మళ్లీ ఎక్కించాను. డాలు కూడా మళ్లీ ఎక్కింది. సెట్టింగుల్లో దాని పేరు దొరికింది గానీ, పక్కనున్న తొలగించే బటన్ బూడిదరంగులో ఉంది. ఎంత నొక్కినా కదల్లేదు.

ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన మా ఆయనను అడిగాను.

"కంప్యూటర్ల ఈ అడ్డం నువ్వు పెట్టినవా?"

"నేనెందుకు పెడ్త? నువ్వే పెట్టినవ్ అనుకున్న."

"అంటే నీకు ముందే తెలుసా? ఏం వెతికినవ్?"

ఆయన టీవీ సౌండ్ కొంచెం పెంచి, "ఏం లేదు తియ్," అన్నాడు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆ 'ఏం లేదు'కు నాకు తెలిసిన అర్థాలు రెండు మూడే. ఈ వయసులో ఏం చూడబోయి దొరికిపోయాడో ఊహించుకోవడానికి ఒక్క నిమిషం చాలింది. ఆ రెండు రోజులూ చాలా మర్యాదగా ఉన్నాం. కూరలో ఉప్పు ఎక్కువైనా ఆయన మాట్లాడలేదు.

మూడో రోజు సీపీయూను ఆటోలో పెట్టుకుని భద్రాచలం తీసుకెళ్లాను. బస్టాండు దగ్గర ఒకామె జిరాక్స్, కంప్యూటర్ రిపేరు కలిపి నడుపుతుంది. ఆధార్ కాగితాలు పట్టుకుని ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు.

"ఏం కొడితే ఆపుతుంది అక్కా?" అంది.

ఊళ్లో రోజూ పదిమంది ముందు పలికే మాట అక్కడ నా నోటికి రాలేదు. చీటీ మీద రాసిచ్చాను. ఆమె స్పెల్లింగ్ కోసం దాన్ని పైకే చదివింది. క్యూ మొత్తం నావైపు తిరిగింది.

లోపం ఆమెకు జల్దీనే దొరికింది. బడి పిల్లల కోసం ఎవరో కంప్యూటర్ అడుగున రూళ్లు రాసిపెట్టారు. బడి పోయింది, రూళ్లు పోలేదు. బ్రౌజర్‌ను ఎన్నిసార్లు మార్చినా అవి పైకి వచ్చి డాలును మళ్లీ నిలబెడుతున్నాయి.

"ఇంకో రూలు గూడ ఉన్నది అక్కా. ఏం వెతికిన్రో ఆ లిస్టు ఎవ్వరు చెరపరాదు."

రెండూ తీసేసి, కంప్యూటర్‌ను ఆపి మళ్లీ వేసి చూపించింది. తల్లులు, బిడ్డలు వరసగా వచ్చారు.

ఇంటికొచ్చి నేను మొదట తెరిచింది ఆ బొమ్మలు కాదు, ఆ చెరపరాని లిస్టు. ఆయన సెకండ్ షిఫ్ట్‌లో ఉన్నాడు. చేసే పని తప్పని తెలుసు. కుర్చీ దగ్గరకు లాక్కుని మరీ చూశాను.

నేను ఊహించినవేవీ లేవు. వృషణాల వాపు అని ఉంది. తర్వాత అదే మాట తప్పు స్పెల్లింగుతో, మళ్లీ ఇంకో తప్పుతో. ఎక్కువసేపు బండి సీటు మీద కూర్చుంటే వాపు వస్తుందా అని ఒకటి. అది క్యాన్సరా అని ఒకటి. అన్నీ రెండు నెలల కిందటివి. డాలు ఒక్కదానికీ జవాబివ్వలేదు.

దాచుకోవద్దు, సిగ్గుపడొద్దు అని ఊరూరా తిరిగి చెప్పడం నా ఉద్యోగం. నా ఇంట్లో మనిషి నన్ను వదిలేసి యంత్రాన్ని అడిగాడు. అది కూడా కాదు పొమ్మంది.

మర్నాడు పొద్దున టీ ఇచ్చి అడిగాను. "వాపు ఇంకా ఉన్నదా?"

ఆయన గ్లాసులోకే చూస్తూ, "అవ్," అన్నాడు. ఒక గుక్క తాగి, "నీకు చెప్తే లెక్చర్ ఇస్తవని," అన్నాడు.

లెక్చర్ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "చొక్కా తొడుక్కో, దవాఖానాకు పోదాం," అన్నాను.

డాక్టర్ పరీక్ష చేసి, వరిబీజం, లోపల నీరు చేరింది, భయం లేదు అన్నాడు. ఎన్నాళ్ల నుంచి అని అడిగి, "ఇంట్ల చెప్పలేదా?" అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. మీరేం చేస్తారమ్మా అని డాక్టర్ నన్ను అడిగాడు. చెప్పాను. డాక్టర్ ఇంకేమీ అడగకుండా చీటీ రాశాడు.

చిన్న ఆపరేషన్. కొన్ని వారాలు డ్యూటీకి సెలవు. చూడడానికి తోటి డ్రైవర్లు నలుగురు వచ్చారు. నడుము నొప్పి అని చెప్పాడు మా ఆయన. నేను పక్కనే నిలబడి, అవునన్నట్టు తలూపాను. వాళ్లు టీ తాగి, డంపర్ సీట్లను తిట్టి లేచారు. ముగ్గురు గేటు దాటాక నాలుగో అతను చెప్పులు వెతుక్కుంటున్నట్టు వెనక ఆగాడు.

"వదినా," అన్నాడు గొంతు తగ్గించి, "ఆ నడుము నొప్పికి ఏ డాక్టర్ దగ్గరికి పోయిన్రు?"