నా వంతుకి మా నాన్న

రైల్వేలో ఉద్యోగం ఎలా వచ్చిందని అడిగేవాళ్ళందరికీ నేను ఇసుక బస్తా కథే చెబుతాను. ట్రాక్ పని పరీక్షలో ఆడపిల్లలు ఇసుక బస్తా మోస్తూ, మధ్యలో దించకుండా కొంత దూరం నడవాలి. దానికోసం నెలల తరబడి జిమ్ముకెళ్ళి వచ్చినవాళ్ళు ఉన్నారు. నేను అరకు కొండల్లో పుట్టినదాన్ని. మా ఊళ్ళో పాలపళ్ళు ఊడని గుంటపిల్ల కూడా నెత్తిన కట్టెలమోపుతో మెట్ట ఎక్కుతుంది. ఆ బస్తాని చూసి నాకు నవ్వొచ్చింది. ఇదంతా నిజమే, చెప్పుకోవడం నాకు ఇష్టమే. కానీ బస్తా మొయ్యడం తేలికైన పని. అస్సాం దాకా వెళ్ళి దాని ముందు నిలబడాలా వద్దా అని తేల్చుకోవడమే కష్టమైంది.

అంత దూరం దరఖాస్తు పెట్టింది నేనే. గౌహతి వైపు పోటీ తక్కువని కోచింగ్‌లో ఎవరో అంటే, మ్యాపు కూడా చూడకుండా పెట్టేశాను. రాత పరీక్ష విశాఖలోనే రాసి పాసయ్యాను. ఆ తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. గౌహతి రావాలి, పరుగు పెట్టాలి, బస్తా మొయ్యాలి, సర్టిఫికెట్లు చూపించాలి. మా ఊళ్ళో దీనికి ఇంటర్వ్యూ అని పేరు పెట్టేశారు. ఇస్త్రీ బట్టలేసుకుని ఉద్యోగం కోసం ఊరు దాటితే మావాళ్ళ లెక్కలో అది ఇంటర్వ్యూనే. గిరిజనులం కాబట్టి రైలు పాస్ కూడా వాళ్ళే ఇచ్చారు, ఖర్చుల వంక పెట్టడానికి లేదు. గౌహతి ఎక్కడుందని అమ్మ అడిగితే ఫోన్‌లో మ్యాపు తీసి చూపించాను. నా వేలు ఒడిశా దాటి, బెంగాల్ దాటి ఇంకా పైకి పోతూ ఉంటే, ఇంక చూడలేనని లేచిపోయింది.

అసలు చిక్కు దూరంతో రాలేదు, కాఫీతో వచ్చింది. కాఫీ పళ్ళు ఎర్రబడినవి ఎర్రబడినట్టు కొయ్యకపోతే ఎండి రాలిపోతాయి. ఏ ఇంటివాళ్ళూ తమ తోటని తామే కోసుకోలేరు. అందుకని మా ఊరి ఆడవాళ్ళు వంతు వేసుకుంటారు. ఇంటికి ఇద్దరు చొప్పున అందరూ కలిసి ఇవాళ ఒకరి తోట కోస్తే, రేపు ఇంకొకరిది. కొయ్యడం ఆడవాళ్ళ పని, బస్తాలు దించడం మగవాళ్ళ పని. ఎవరు పెట్టారో తెలీదు గాని, పెద్దవాళ్ళ కాలం నుంచీ అంతే. మా తోట అన్నిటికంటే కింద, గెడ్డ నీళ్ళ పక్కన ఉంటుంది కాబట్టి ముందు మాదే పండుతుంది. ఆ ఏడు కూడా అందరూ వచ్చి మా పళ్ళు కోసి, మా అమ్మ కాచిన చోడి అంబలి తాగి, మా మీద జోకులేసుకుంటూ వెళ్ళారు. ఇక మిగిలిన తోటలన్నిటికీ అమ్మా నేనూ వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే ఆ మెసేజ్ దిగింది.

కూలిమనిషిని పెట్టేసి వెళ్ళిపో అని హాస్టల్‌లో నాతో ఉన్న అమ్మాయి ఫోన్‌లో సలహా ఇచ్చింది. ఆమెది విజయనగరం వైపు ఊరు, మంచి మనసుతోనే చెప్పింది. కానీ మాకది చెల్లదు. వంతుకి ఇంటిమనిషే వెళ్ళాలి. కూలిని పంపితే, మీ కష్టానికి డబ్బు పారేస్తున్నానని ముఖం మీద చెప్పినట్టే. అవతలి ఊళ్ళో ఒక ఇంటివాళ్ళు ఆ పని చేశారు. ఎవరూ తిట్టలేదు, తగువు పెట్టుకోలేదు. మరుసటేడు వాళ్ళ తోటలో మాత్రం ఒక్కరూ అడుగుపెట్టలేదు. పళ్ళు చెట్లమీదే నల్లబడిపోయాయి. మాకున్నదంతా ఆ తోటే.

కాబట్టి వెళ్ళనని చెప్పేశాను. నాకు కోపం ఎక్కువ, పొగరు ఇంకా ఎక్కువ. మాట తప్పిన ఇంటి పిల్ల అనిపించుకుని తెచ్చుకునే సర్కారు ఉద్యోగం నాకొద్దన్నాను. అన్నానే గాని, ఫోన్‌లోంచి ఆ మెసేజ్ మాత్రం తీసెయ్యలేదు. మా ఊళ్ళో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేను. చదివి కూడా చివరికి బుట్టే కట్టుకుంది చూడండి అని నన్ను చూపించి ఇంకో పిల్లని బడి మాన్పిస్తారేమో అని భయంగా ఉండేది. ఆ ఉద్యోగం నాకు కావాలి. చాలా కావాలి.

మా నాన్న మీసం మీద నిమ్మకాయ నిలబెట్టే రకం. ఊళ్ళో నలుగురు కూర్చున్నచోటికి ఆయన వస్తే ఒకడు లేచి చోటిస్తాడు. తాగిన గ్లాసు కూడా కడిగి ఎరగడు. అలాంటి మనిషి మర్నాడు పొద్దున నా బుట్ట నడుముకి కట్టుకుని ఆడవాళ్ళ వెనక మెట్ట ఎక్కాడు. నా బుట్ట నాకిమ్మని నేను వెంటపడ్డాను. వినలేదు.

ఆ రోజు ఆడవాళ్ళకి పండగే పండగ. చీర కూడా కట్టుకు రావాల్సిందని ఒకామె, తల్లో పూలు మరిచిపోయాడని ఇంకొకామె. గొడ్డలి పట్టిన వేళ్ళకి కాఫీ పళ్ళు అందవు. మేం ఎర్రవి మాత్రమే ఏరి తుంపుతుంటే, ఆయన కొమ్మని పైనుంచి కిందికి దూసేస్తున్నాడు. పచ్చికాయలు, ఆకులు అన్నీ బుట్టలోకే. ఒక్కసారి కూడా ఎవరికీ ఎదురు చెప్పలేదు.

వంతుకి పెద్ద మా మేనత్త, మా నాన్నకి సొంత అక్క, ఆయన అప్ప అని పిలుస్తాడు. సాయంత్రం ఆయన బుట్టని నేలమీద పరిచిన పట్టామీద బోర్లించి, ఆకులూ పచ్చికాయలూ ఏరి అవతల పెట్టింది. మిగిలిన ఎర్ర పళ్ళని అరచేత్తో దగ్గరికి లాగి కాసేపు చూసింది.

"నీది సగం వొంతురా," అంది. "నీ రెండు బుట్టలు గుంట ఒక బుట్టకి సమానం. సీకటితోనే వత్తావో, సీకటడ్డాక దిగుతావో నీ ఇట్టం."

నాకు ఒళ్ళు మండింది. మా నాన్నని అందరి ముందు సగం మనిషిని చేస్తావా అని అత్త మీదికి వెళ్ళాను. రేపట్నుంచి నేనే వస్తాను, గౌహతీ లేదు గీహతీ లేదు అని బుట్ట లాక్కున్నాను. నాన్న కూడా మండిపడతాడనే అనుకున్నాను. ఆయన నా చేతిలోంచి బుట్ట మెల్లగా తీసుకున్నాడు.

"అప్ప లెక్క సరిగ్గానే సెప్పింది. నీకేటే కోపం? ఈ పని నాను నేర్సుకుంతాను. నువ్వు బేగెల్లి ఆ బస్తా మోసి రా."

ఆ మాట విన్నాక మెట్ట దిగుతూ నేను వెళ్తానని తేల్చుకున్నాను. ఎందుకో చెబుతాను. పోనీలే పాపం, పిల్ల ఇంటర్వ్యూకి పోవాలి కదా అని అత్త ఆ బుట్టని పూర్తి వంతుగా ఒప్పుకుని ఉంటే నేను కదిలేదాన్ని కాదు. దయ మీద బతకడం మా ఇంటావంటా లేదు. అత్త జాలి పడలేదు, తమ్ముడని చూడలేదు, లెక్క కట్టింది. సగమంటే సగం, రెండంటే రెండు. నాన్న ఆ లెక్కకి తల వంచాడు. ఇక మా ఇల్లు ఎవరికీ బాకీ పడదు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఊరి జీపు ఎక్కాలి. అరకులో బస్సు, విశాఖలో రైలు. మంచు ఎంత పట్టిందంటే వీధి చివర జీపు లైట్లు కూడా సరిగా కనబడటం లేదు. నాన్న చాప అప్పటికే ఖాళీ. పొయ్యి మీద అంబలి వేడి కూడా చెయ్యకుండా తాగి, పైన ఎవరి తోటకో వెళ్ళిపోయాడట. అమ్మ నా సంచి మోస్తూ, గుంట ఎల్లిపోతందని ఒక కేక వేస్తే దిగొస్తాడు కదా అంది. కేక వెయ్యడానికి నోటి దగ్గర చేతులు కూడా పెట్టుకుంది.

నేను ఆ చేతులు పట్టుకుని ఆపేశాను. పిలిస్తే దిగొస్తాడు. దిగొస్తే ఒక బుట్ట తగ్గుతుంది.

జీపులో డ్రైవర్ పక్కన కూర్చున్నాను. మీ నాన్న రాలేదేంటని అతను అడిగాడు. మా నాన్న నా వంతు కోస్తున్నాడని చెప్పాను. ఆ తర్వాత సర్కారు ఉద్యోగం వచ్చిందని చాలామందికి చాలాసార్లు చెప్పాను గాని, ఆ ఒక్క మాట చెప్పినంత గర్వంగా ఇంకేదీ చెప్పలేదు.