గొర్రు పట్టిన ఓబులక్క

కుక్కరు మూత తీయగానే ఉడికిన ఉలవల వాసన వంటిల్లంతా నిండింది. కదిరికి వచ్చి ఇన్నేళ్లయినా ఆ వాసన తగలగానే ఓబులక్క గుర్తొస్తుంది. పోయిన నెల ఆమె చనిపోయిందని కబురు వచ్చింది. ఏ మొహం పెట్టుకుని పోవాలో తెలియక నేను పోలేదు.

గుమ్మఘట్ట దగ్గరి పల్లెకు నేను కొత్త కోడలిగా వెళ్లినప్పుడు పక్కిల్లు ఆమెది. మొగుడు బెంగుళూరులో పనికని పోయి తిరిగి రాలేదు. ఇద్దరు పిల్లలు, నాలుగెకరాల ఎర్రనేల. ఎద్దులు లేవు. ఇంటి దూలానికి విత్తనం వేరుశనగ మూట వేలాడుతుండేది. పిల్లలు పలచటి అంబలి తాగుతూ దాన్నే చూసేవాళ్లు. "అది ఈ పొద్దు తిండి కాదురా, వచ్చే ఏటి తిండి" అనేది. కడుపు మాడ్చుకుని విత్తనం దాచడమంటే ఏమిటో నేను ఆ ఇంట్లోనే చూశాను.

మా వైపు విత్తేటప్పుడు మగవాడు ఎద్దుల్ని తోలుతూ గొర్రును నేలకు అదిమి పడతాడు. ఆడది వెంట నడుస్తూ దాని మీదున్న జడ్డిగం అనే చెక్క గిన్నెలో గింజలు పోస్తుంది. ఆడది గొర్రు పడితే వాన పోతుందని ఊరి నమ్మకం. ఆ యేడు వాన పడగానే ఎవరి చేను వాళ్లు విత్తుకున్నారు. ఓబులక్క మూడు రోజులు మా మామ చుట్టూ తిరిగింది.

"పదును ఆరిపోతాండాది మామా. ఎద్దుల్ని ఎప్పుడు పంపిస్తావు?"

"రేపు సూద్దాం పోమ్మా."

నాలుగో రోజు మామా, మా ఆయనా రాయదుర్గం పోయారు. ఎద్దులు కొట్టంలో ఊరికే నెమరు వేస్తున్నాయి. ఓబులక్క గుప్పెడు మట్టి తెచ్చి నా ముందు పిసికి చూపింది. ముద్ద కట్టీ కట్టనట్టుంది, ఇంకో రోజైతే విత్తడానికి తడి ఉండదు. ఆమె నన్నేమీ అడగలేదు. నాకే ఒళ్లు మండింది. ఎద్దుల్ని నేనే విప్పాను. ఆమె గొర్రు పట్టింది, నేను విత్తనం పోశాను. పొద్దు వాలకముందే చేను అయిపోయింది.

"ఇంక పిల్లోళ్లకు భయం లేదు మే" అని నవ్వింది.

మొలకలొచ్చాయి. వాన మళ్లీ రాలేదు. అలాంటి ఏళ్లు మా నేలకు కొత్త కాదు, కానీ ఆ యేడు తప్పు మోయడానికి ఊరికి ఒక మనిషి దొరికింది. దూరం నుంచి చూసిన మేకల కాపరి గొర్రు పట్టిన ఆమెను గుర్తుపట్టాడు, ఆమె చాటున ఉన్న నేను వాడికి కనపడలేదు. మా ఇంటి ముందు పదిమంది చేరారు.

"నా ఎద్దుల్ని ఎవురు విప్పినారు?" అన్నాడు మామ.

ఓబులక్క ఒక్కసారి నా వైపు చూసింది. "నేనే విప్పుకుంటి. ఒక్కదాన్నే విత్తుకుంటి."

"గొర్రు పట్టి, విత్తనం గూడా నువ్వే ఎట్లా పోస్తివి?"

"పోస్తి. రెండు చేతులుండాయి గదా."

నీళ్ల చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. నోరు విప్పలేదు. పుట్టింటికి తరిమేస్తారని భయం.

ఆ తర్వాత ఆమెను ఎవరూ కూలికి పిలవలేదు. గట్ల మీది ఆకు తెచ్చి, ఉప్పేసి ఉడికించి పిల్లలకు పెట్టేది. ఆలస్యంగా ఒక వాన పడితే ఎవరినీ అడక్కుండా పారతో నేల తవ్వి ఉలవలు చల్లింది. అవి చేతికి రాకముందే చిన్నపిల్ల పోయింది. అందరూ జ్వరమన్నారు. ఆకలి అన్నవాళ్లు లేరు.

ఉలవలు రాగానే పెరటి గోడ మీదుగా నాకొక చేటెడు అందించింది. "గుగ్గిళ్లు చేసుకో మే. కడుపుతో ఉండావు." పిల్లను పోగొట్టుకున్న మనిషి నా కడుపులోని పిల్ల గురించి ఆలోచించింది. ఆ చేట అందుకున్నప్పుడు కూడా నేను క్షమించమనలేదు.

ఆ కడుపులోని పిల్లే ఇప్పుడు నా పక్కన నిలబడి ఉలవలు వారుస్తోంది. మొన్న ఊరికి పోయి వచ్చింది. వానను చెరిపిన ఓబులక్క అని అక్కడ ఇంకా చెప్పుకుంటున్నారట.

"ఒక్కతే అంత చేను ఎట్లా విత్తిందమ్మా?" అని అడిగింది.

"ఒక్కతే కాదు" అన్నాను. "విత్తనం పోసింది నేనే. ఎద్దుల్ని విప్పింది కూడా నేనే."